బొంత పాతదేనని రుజువు

వీరవేణికి అన్నింటికన్నా భయం, కూతురు నిద్రపోకపోవడం.

మిగతా భయాలు లేవని కాదు. బల్లి అంటే భయం, గ్యాస్ పొయ్యి అంటే భయం, అత్తగారు ఫోను చేస్తే భయం. అవన్నీ ఒక ఎత్తు. ఆరోగ్య కేంద్రంలో పిల్లను తూచిన నర్సమ్మ, "బరువు కాస్త తక్కువుంది. బాగా నిద్రపోతే బాగా ఎదుగుతుందిలే" అని మాటవరసకు అంది. అని, తర్వాతి పిల్లను తూకంలో వేసుకుని ఆ మాట మరిచిపోయింది. వీరవేణి మరిచిపోలేదు. తొమ్మిదో తరగతి మధ్యలో బడి మానేసింది కాబట్టి, చదువుకున్నవాళ్ళు ఏ మాటన్నా దాన్ని కింద పెట్టకుండా మోయడం ఆమెకు అలవాటు. నిద్ర తగ్గితే ఎదుగుదల తగ్గుతుంది, ఎదుగుదల తగ్గితే... అక్కడికి వచ్చేసరికి ఆలోచన ఆపేసి, నిద్రపోతోందో లేదో చూద్దామని ఉయ్యాల దగ్గరకు పరిగెత్తేది. ఆ పరుగు చప్పుడుకే ఒక్కోసారి పిల్ల లేచి కూర్చున్నంత పని చేసేది.

పిల్ల పేరు జోషిక. దానికి నిద్రపట్టే మార్గం ఒక్కటే ఉంది. అది బొంత.

పసిబిడ్డకు కొత్తబట్ట కప్పకూడదని కొత్తలంకలో అందరికీ తెలుసు. గరుకు, గంజి, రంగు వాసన. పైగా, నిండుగా బతికిన ముసలివాళ్ళు కట్టి విడిచిన బట్ట అయితే ఆ ఆయుష్షులో ఇంత బిడ్డకు అంటుతుందని వాళ్ళ వీధి నమ్మకం. అందుకని వీరవేణి నెలలు నిండకముందే గడప గడపకూ తిరిగి పాతబట్ట అడిగి తెచ్చుకుంది. పక్కింటి సూరాయమ్మ మామ్మ చిలకపచ్చ నేత చీర ఇచ్చింది. పంటు మీద గోదారి దాటించే పని చేసి మానుకున్న అప్పలస్వామి తాత గళ్ళ లుంగీ ఇచ్చాడు. ఒకప్పుడు బడిలో ఆయాగా చేసిన ఎస్తేరమ్మ, నీలం అంచు తెల్ల చీర ఉతికి, ఆరబెట్టి, మడతపెట్టి మరీ ఇచ్చింది. వాటిని పొరలుగా పరిచి, ముక్కలు అతికి, బొంతసూదితో ఆ కొసనుంచి ఈ కొసదాకా కుట్టింది వీరవేణి. కుట్టు అక్కడక్కడా వంకర పోయింది. కానీ ఉతికి ఉతికి వెన్నలా అయిన ఆ బట్ట చెంపకు తగిలితే చాలు, జోషిక గుప్పిట విప్పి నిద్రపోయేది.

అలా ఉండగా, జిల్లాకు పాతబట్టల పిచ్చి పట్టింది.

పట్టించింది పాత వస్త్ర పునర్వైభవ మండలి. పాత బట్టను పారేయడం జాతికి నష్టమని, దాన్ని మళ్ళీ వస్తువుగా మార్చాలని మండలి వారు ప్రకటించారు. ఇంతవరకూ మంచిదే. కొత్తలంక ఆడవాళ్ళు ఎవరూ చెప్పకుండానే ఆ పని చేస్తున్నారు. పాత చీర పొత్తిగుడ్డ అవుతుంది, పొత్తిగుడ్డ మసిగుడ్డ అవుతుంది, మసిగుడ్డ పొయ్యిలోకి పోతుంది. ఇప్పుడు ఆ పనికి ఒక కార్యాలయం, ఒక జీపు, ఒక నినాదం వచ్చాయి. "చింపకండి, చిగురించండి" అని గోడలమీద రాశారు. గోడ తుడవడానికి కొత్త తువ్వాళ్ళు కొన్నారు. పెద్ద ఉద్యోగులు పాత కర్టెన్లతో కుట్టిన కోట్లు వేసుకుని సమావేశాలకు వచ్చారు. ఆ కోట్ల కోసం కొందరు బాగున్న కర్టెన్లు కూడా దించేశారు.

దాంతో ఊళ్ళో పాతబట్టకు కరువొచ్చింది. స్టీలు సామాను ఇచ్చి పాతబట్టలు పట్టుకెళ్ళే ఆడమనిషి పొద్దుటినుంచీ వీధులన్నీ తిరిగినా ఒక్క జాకెట్టు ముక్క రాలేదు. మహిళా సంఘాలన్నీ తలా ఒక వస్తువు ఇవ్వాలని మండలి హుకుం. ఏం చేస్తారు పాపం, కొత్తబట్ట కొని, రాయికేసి బాది, ఎండలో పడేసి, పాతది చేసే పనిలో పడ్డారు.

వీరవేణి సంఘం నాయకురాలు నూకరత్నం మాత్రం అంత కష్టపడలేదు. ఓ మధ్యాహ్నం వచ్చి, దండెం మీద ఆరుతున్న బొంత తీసి చంకలో పెట్టుకుంది.

"అక్కా, అది పిల్లదక్కా," అంది వీరవేణి, చేతిలో పాలగ్లాసుతో గుమ్మంలోకి వచ్చి.

"తెలుసే బాబూ. నేనేమన్నా కప్పుకుంటానా? సాయంత్రం చూపించి పొద్దున్నే తెచ్చిచ్చేత్తాను. మన సంఘం పేరు మైకులో చదువుతారు."

"అది లేకపోతే పిల్ల పడుకోదక్కా."

"ఒక్కరాత్రికి ఏదో దుప్పటి కప్పు. మేవందరం బొంతలు కప్పుకునే పెరిగామా?"

"మీరు బొంతలే కప్పుకుని పెరిగారక్కా," అంది వీరవేణి, చాలా మర్యాదగా.

నూకరత్నం ఆ మాట విననట్టే గేటు వేసుకుని వెళ్ళిపోయింది.

జోషిక ఆ రాత్రి నిద్రపోలేదు. వీరవేణి పెళ్ళి దుప్పటి కప్పి చూసింది, భర్త సూరిబాబు చొక్కా కప్పి చూసింది. చొక్కాకు డీజిలు వాసన. పిల్ల తుమ్మి ఇంకా గట్టిగా ఏడ్చింది. పొద్దున్నే నూకరత్నం రాలేదు. మర్నాడూ రాలేదు. వెళ్ళి అడిగితే, "మండలివాళ్ళు లోపల పెట్టారే, నన్నేం చేయమంటావు," అని బియ్యంలో రాళ్ళు ఏరుకుంటూ కూర్చుంది.

సూరాయమ్మకు కోపం వచ్చింది. ఆమెకు ఎనభై దాటింది కాబట్టి కోపం తెచ్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు.

"పదవే ఎల్దాం. నేను కట్టిన సీర ఆళ్ళు దాసుకోడమేటి."

మండలి కార్యాలయంలో ఉపసంచాలకులు పద్మనాభం గారు ఉన్నారు. మంచి మనిషి. కళ్ళు మాత్రం చింతనిప్పుల్లా ఉన్నాయి. పథకం మొదలైనప్పటినుంచీ పైనుంచి వచ్చే ఉత్తర్వులకు జవాబులు రాస్తూ, జవాబులకు వచ్చే ఉత్తర్వులు చదువుతూ, ఆయనకు కునుకు తీయడం, ఇంటి మొహం చూడడం కూడా కుదరడం లేదని బయట కూర్చున్న బంట్రోతు చెప్పాడు.

"అయ్యగారండీ, మా పాప బొంతండీ," అంది వీరవేణి, పిల్లను భుజం మార్చుకుంటూ.

"సదరు వస్తువు," అన్నారు పద్మనాభం గారు, "శుద్ధి విభాగమునకు పంపబడి, శుద్ధి గావింపబడి, తిరిగి వచ్చినది. పాత బట్టలో క్రిములుండును గదా. అందుచేత మండలిలో ప్రవేశించు ప్రతి పాత వస్తువునూ మరిగించి, గంజిపెట్టి, ఇస్త్రీ చేయుట విధి."

"అయితే ఇచ్చేయండి బాబూ," అంది సూరాయమ్మ. "మళ్ళీ ఓ నాల్రోజులు నలిపితే మెత్తబడద్ది."

"అక్కడే చిక్కు వచ్చినది. శుద్ధి అనంతరము వస్తువు కొత్తదివలె కనిపించుచున్నది. కొత్త వస్త్రమును పాతదిగా చూపి మండలిని మోసగించు ప్రయత్నములు జిల్లాలో పెచ్చుమీరినవి. కావున ఇది పాతదేనని రుజువు చేయవలసి ఉన్నది."

వీరవేణికి సగమే అర్థమైంది. "రుజువంటే ఏం తేవాలండీ?"

"ధరించినవారు స్వయముగా హాజరై, తామే ధరించితిమని నిరూపించవలెను."

"నేనొచ్చానుగా," అంది సూరాయమ్మ. "ఆ పచ్చముక్క నాది."

"అందరూ ఏకకాలమున రావలెను. బొంత ఒక్కటే వస్తువు గనుక, దాని పాతదనము కూడా ఒక్కటే."

ఈ మాటకు జవాబుగా జోషిక గుక్కపట్టి ఏడ్చింది. పద్మనాభం గారు ఆ ఏడుపును అభ్యంతరంగా నమోదు చేయమందామా అన్నట్టు బంట్రోతు వైపు చూసి, మళ్ళీ మానుకున్నారు.

మర్నాడు సూరిబాబు తన ట్రక్కు ఆటోలో అందరినీ ఎక్కించి తీసుకువచ్చాడు. అప్పలస్వామి తాత ముందు సీట్లో కూర్చుని దారి పొడవునా సూరిబాబుకు నడపడం నేర్పాడు. వెనక ఎస్తేరమ్మ పిల్లను ఎత్తుకుంది. మండలి హాల్లో తివాచీ వేసి, బొంతను పళ్ళెంలో పెట్టి తెచ్చారు. గంజికి అది అప్పడంలా నిలబడింది.

"మొదటి ధారకులు?" అన్నారు పద్మనాభం గారు.

"నేనేనండి," అన్నాడు అప్పలస్వామి. "ఈ గళ్ళ ముక్క నా లుంగీయేనండి. ఇదిగో ఈ చిల్లు సూడండి, సుట్టతో కాలింది."

"తమరు చుట్ట కాల్చినట్లు సాక్ష్యము?"

"ఆడి సుట్ట కంపు పీల్చినోళ్ళందరూ సాచ్చికమే," అంది సూరాయమ్మ. "పంటులో సగం మంది ఆ కంపుకే అవతలొడ్డుకి ఈదుకుపోయారు."

"నువ్వూరుకో సూరాయీ. నీ పచ్చసీర చూసి గేదెలు ఎంటబడేవి. అదెవరన్నా రాసుకున్నారా?"

"నిశ్శబ్దము," అన్నారు పద్మనాభం గారు. "ఆ చీర తొలిసారి ధరించిన తేదీ?"

"మా పెద్దోడి పెళ్ళికండి."

"తేదీ అడిగితిని."

"ఆవేళ ఒకటే వాన బాబూ. పందిరి కూలిపోయి పులిహోరలో పడింది. ఆ పులిహోర తిన్నోళ్ళెవరన్నా మీకు బంధువులుంటే అడగండి, ఇప్పటికీ చెబుతారు."

ఎస్తేరమ్మ వంతు వచ్చింది. ఆమె అడక్కుండానే లేచి నిలబడింది. "నీలం అంచుది నాదండి. ఆ చీర మీద బడి పిల్లలందరూ ముక్కులు తుడుచుకున్నారండి. మీరు కొత్తలంక బడిలో చదివుంటే మీరూ తుడుచుకునుంటారు."

పద్మనాభం గారు అప్రయత్నంగా ముక్కు తడుముకున్నారు. తర్వాత గొంతు సవరించుకుని, మాటలతో నిరూపణ చాలదని, ధరించినవారు ధరించిన బట్టను ధరించి చూపవలెనని చెప్పారు. ముక్కలు విడదీస్తే వస్తువు దెబ్బతింటుంది. విడదీయకపోతే ఒకరు ధరించినప్పుడు మిగతా ఇద్దరి ముక్కలు కూడా ధరించినట్టవుతుంది, అది తప్పుడు ధారణ. కనుక ముగ్గురూ ఒక్కసారే బొంత కిందికి రావాలి.

అది ఐదునెలల పిల్ల బొంత. ముగ్గురు ముసలివాళ్ళు తివాచీ మీద మోకాళ్ళు దగ్గరపెట్టుకుని, ఎవరి ముక్క వాళ్ళ మీదకు వచ్చేలా సర్దుకుని, వానలో గొడుగు కింద నిలబడ్డట్టు కూర్చున్నారు.

"కాళ్ళు ముడుచుకో అప్పలసామీ."

"ఇంతకన్నా ముడిస్తే మళ్ళీ పుట్టాలి."

"దేవుడా, ఎవరి మోచెయ్యండీ ఇది," అంది ఎస్తేరమ్మ.

పద్మనాభం గారు చుట్టూ తిరిగి, వంగి చూసి, తలాడించారు. "ప్రాచీనత నిర్ధారితము."

వీరవేణికి ప్రాణం లేచొచ్చింది. చేతులు చాపింది. "ఇక తీసుకెళ్ళొచ్చాండీ?"

"ఎట్లు తీసుకువెళ్ళగలరు?" పద్మనాభం గారు నిజంగానే ఆశ్చర్యపోయారు. "జిల్లా మొత్తము మీద మండలికి అందిన వస్తువులలో పాతదని తేలినది ఇదొక్కటే. తక్కినవన్నీ కొత్త బట్టతో చేసినవి. రేపటి ప్రదర్శనకు రాజధాని నుండి సంచాలకులు వారు విచ్చేయుచున్నారు. ఇది లేకున్న ప్రదర్శనలో ప్రదర్శించుటకు ఏమున్నది?"

"పిల్ల నిద్రపోవడం లేదండీ," అంది వీరవేణి. "పిల్ల బరువు తగ్గిపోతుందండీ."

ఆయన ఆమె వైపు చూశారు. ఎర్రబడిన కళ్ళతోనే, కాస్త మెత్తగా చూశారు. కాగితాలు తిరగేశారు. మొహం విచ్చుకుంది.

"మార్గమున్నది. పునరుపయోగ వస్తువు ఉపయోగములో ఉండగా ప్రదర్శించుట శ్రేష్ఠమని నిబంధన. కావున శిశువును కూడా ప్రదర్శనలో ఉంచుదము. బొంత శిశువు మీదనే ఉండును. శిశువు నిద్రించును. తమ కోరిక నెరవేరును, మండలి కోరికా నెరవేరును."

వీరవేణి రాత్రంతా ఏడుస్తున్న పిల్లను ఎత్తుకుని తిరుగుతూ ఆ మాటలో మోసం వెతికింది. కనబడలేదు. అందువల్ల ఇంకా భయపడింది.

ప్రదర్శన నాడు ముసలివాళ్ళు ముగ్గురూ వీరవేణితోపాటు ఆటోలో మళ్ళీ వచ్చారు. హాలు నిండా బల్లలు. బల్లల మీద ఎండలో వెలిసిన కొత్త సంచులు, రాయికేసి బాదిన కొత్త దిండు గలీబులు. నూకరత్నం పట్టుచీర కట్టుకుని మైకు దగ్గరే నిలబడింది. కుడివైపున పెద్ద బల్లమీద పరుపు, పరుపు మీద జోషిక, జోషిక మీద బొంత, చుట్టూ ఎర్ర తాడు. తలవైపున ఒక బోర్డు: "నిజమైన పాత వస్త్రముతో చేసిన బొంత కింద నిద్రిస్తున్న శిశువు. తాకరాదు. లేపరాదు."

జోషిక నిద్రించడం లేదు. గంజి బొంత గీరుకుంటోంది. పైనుంచి లైట్లు. జనం తాడు మీద వంగి వంగి చూస్తున్నారు. ఒకాయన ఫోను మొహం మీద పెట్టి ఫొటో తీశాడు. జోషిక ఒళ్ళంతా ఎర్రబడేలా ఏడ్చింది. వీరవేణి తాడు దాటబోతే బంట్రోతు చెయ్యి అడ్డం పెట్టాడు.

"తాకరాదమ్మా. బోర్డు చూళ్ళేదా?"

"నా పిల్లండీ."

"ఇంట్లో మీ పిల్లేనమ్మా. ఇక్కడ వస్తువులో భాగం."

పద్మనాభం గారు పరిగెత్తుకొచ్చారు. జీపు పొలిమేర దాటిందని ఫోను వచ్చింది. "శిశువు నిద్రించవలెను. వెంటనే."

"చెప్పి చూడండి," అంది సూరాయమ్మ.

"బోర్డు మార్చుటకు వీలులేదు. బోర్డులోని పదములు రాజధానిలో ఆమోదింపబడినవి. బోర్డుకు విరుద్ధముగా శిశువు ప్రవర్తించుచో బాధ్యత నాది." ఆయన నుదురు తుడుచుకున్నారు. ఆయన కళ్ళు నిన్నటికన్నా ఎర్రగా ఉన్నాయని వీరవేణి చూసింది. ఎందుకో ఆయన మీద కోపం సగం తగ్గింది. మిగతా సగంతో ఆమె తాడు ఎత్తి, కిందనుంచి దూరి, పిల్లను తీసుకుంది.

ఏమీ జరగలేదు. బంట్రోతు బోర్డు మళ్ళీ చదివాడు. తల్లి తాకితే ఏం చేయాలో అందులో రాయలేదు.

"అయ్యో, ఇప్పుడు బొంత కింద ఎవరు నిద్రిస్తారు?" అన్నారు పద్మనాభం గారు. మొదటిసారి ఆయన మామూలు మనుషుల్లా మాట్లాడారు.

సూరాయమ్మ బోర్డు వైపు గడ్డం ఎత్తింది. "అందులో ఎంత వయసు శిశువో రాశారా బాబూ?"

"లేదు."

"అయితే ఇంకేటి. అమ్మకి బిడ్డ ఎప్పుడూ బిడ్డేగా. మీరే పడుకోండి. రెండు నిమిషాలే. ఆయనొచ్చి చూసి ఎల్లిపోతాడు."

పద్మనాభం గారు నిబంధనలన్నీ మనసులో తిరగేసినట్టున్నారు. అడ్డు చెప్పేది ఒక్కటీ దొరకలేదు. చెప్పులు విడిచి, కళ్ళజోడు జేబులో పెట్టుకుని, బల్ల ఎక్కి, కాళ్ళు ముడుచుకుని పడుకున్నారు. సూరాయమ్మ బొంతను రెండు చేతులతో నలిపి నలిపి, గంజి విరగ్గొట్టి, మెడదాకా కప్పింది. గళ్ళ ముక్క భుజం మీదికి వచ్చింది, నీలం అంచు చెంప కింద పడింది.

సంచాలకులు వారు వచ్చారు. సంచులు చూసి తలాడించారు. దిండు గలీబులు చూసి తలాడించారు. కుడివైపు బల్ల దగ్గర ఆగి, బోర్డు చదివి, బల్ల మీదకు చూసి, మళ్ళీ బోర్డు చదివారు. బోర్డు రాజధానిలో ఆమోదించింది తామే.

"శిశువు ఆరోగ్యముగా ఉన్నది," అన్నారు. వెనకనున్నవాళ్ళు రాసుకున్నారు. "నిద్ర కూడా గాఢముగా ఉన్నది. పాత వస్త్రపు ప్రభావము స్పష్టము." ఆ మాట నిజమే. చిన్నగా గురక కూడా వినిపిస్తోంది.

జీపు వెళ్ళిపోయింది. మైకులో నూకరత్నం సంఘం పేరు చదివారు. జనం చప్పట్లు కొట్టబోతే, బంట్రోతు వేలు పెదవి మీద పెట్టుకుని బోర్డు చూపించాడు.

వీరవేణి పిల్లకోసం చూసుకుంటే, చేతుల్లో లేదు. తాడు కింద దూరివచ్చిన హడావుడిలో ఎస్తేరమ్మ అందుకుని వరండాలోకి తీసుకువెళ్ళింది. వెళ్ళి చూసేసరికి, గోడకు ఆనుకుని కూర్చున్న ఎస్తేరమ్మ ఒళ్ళో జోషిక గుప్పిట విప్పి నిద్రపోతోంది. ముక్కు ఆమె పమిటలో దూర్చుకుంది. ఎస్తేరమ్మ కట్టుకున్నదీ అలాంటి చీరే, వెలిసి మెత్తబడ్డ తెల్ల చీర. పక్కన అప్పలస్వామి తన తువ్వాలుతో మెల్లగా విసురుతున్నాడు.

"ఏడ్చిందా ఆయమ్మా?" అంది వీరవేణి, గొంతు తగ్గించి.

"ఏడవడానికేముందే. ఒళ్ళో వేసుకోగానే పడుకుంది."

వీరవేణి అక్కడే కింద కూర్చుండిపోయింది. చాలాసేపు పిల్లను చూసింది. నర్సమ్మ మాట గుర్తొచ్చింది గానీ, ఈసారి దాంతో పరిగెత్తాలనిపించలేదు.

"బొంత తెచ్చుకోవే. ఎల్దాం," అంది సూరాయమ్మ. "ఇప్పుడెవడూ అడ్డం రాడు."

వీరవేణి హాల్లోకి వెళ్ళింది. జనం పలచబడ్డారు. లైట్లు సగం ఆర్పేశారు. తాడు పక్కన బంట్రోతు కుర్చీ వేసుకుని, తాకరాదు, లేపరాదు అన్నది ఎంతవరకు వర్తిస్తుందో ఎవరిని అడగాలా అని ఆలోచిస్తున్నాడు. పద్మనాభం గారు బొంత అంచును గుప్పిట్లో పట్టుకుని నిద్రపోతున్నారు. నుదుటి మీది ముడతలన్నీ పోయాయి. బొంత చాలక మోకాళ్ళు, పాదాలు బయటికున్నాయి.

ఆమె చెయ్యి బొంతదాకా వెళ్ళింది. గట్టిగా లాగితే వచ్చేస్తుంది. ఆమెదే కదా, ఆమె కుట్టిందే కదా. కానీ ఇన్ని రాత్రులుగా నిద్ర అన్నది ఎంత కష్టం మీద వస్తుందో చూసిన మనిషి, ఎదుటివాళ్ళ నిద్ర మీద చెయ్యి వేయలేకపోయింది. జారిన కొసను ఆయన భుజం మీదికి సర్ది, బయటికి వచ్చేసింది.

"ఏదే బొంత?" అంది సూరాయమ్మ.

"పడుకున్నారు మామ్మా. లేచాక తీసుకుందాం."

సూరాయమ్మ ఆటో ఎక్కేసింది. పిల్లను ఒళ్ళోంచి ఒళ్ళోకి మార్చుకుంటూ, లేపకుండా, ఇంటిదాకా తీసుకువెళ్ళారు.

ఇది జరిగి కొంతకాలమైంది. బొంత ఇంకా రాలేదు. జోషిక మధ్యాహ్నం సూరాయమ్మ ఒళ్ళో, సాయంత్రం ఎస్తేరమ్మ ఒళ్ళో పడుకుంటోంది. వీరవేణికి బస్సెక్కి వెళ్ళి అడగాలని ఉంది గానీ, వెళితే లేపాల్సి వస్తుందేమోనని సందేహం.

కాబట్టి మీలో ఎవరికైనా మండలి కార్యాలయం వైపు పనిపడితే, ఒక్కసారి హాల్లోకి తొంగిచూడండి. కుడివైపు పెద్ద బల్ల. పద్మనాభం గారు లేచి ఉంటే, బొంత మడతపెట్టి ఉంచమనండి, వీరవేణి వచ్చి తీసుకుంటుంది. ఇంకా పడుకునే ఉంటే మాత్రం లేపకండి. పాదాలకు చలేస్తుందేమో చూసి, మీ దగ్గర పాత తువ్వాలేదైనా ఉంటే కాస్త కప్పి రండి.